ఎక్స్‌రే పటము తీయు విద్య

అనంతపురము పీఠభూమిలోని పల్లెవాసులకు ఆసుపత్రికి పోవుట అనగా ఒక దినపు కూలిని వదులుకొనుట. ఇంటిలో ముసలమ్మ జారిపడి తుంటి పట్టుకొని లేవలేకపోయినను, చింతచెట్టెక్కిన పిల్లవాడు క్రిందపడి చేయి వాచినను, వారముల తరబడి దగ్గుచున్న మనిషికి సాయంకాలపు జ్వరము వచ్చుచున్నను, వైద్యుడు వ్రాసియిచ్చు చీటిలో ఎక్స్‌రే పటము సాధారణముగా ఉండును. మడకశిర, రాయదుర్గము, కదిరి ప్రాంతముల మారుమూల గ్రామములనుండి ఇద్దరు మనుష్యుల బస్సు ఛార్జీలు పెట్టుకొని వచ్చినవారు, ఆ పటము వచ్చువరకు ఆసుపత్రి వరండాలో కాచుకొని యుందురు. అంత ప్రయాసపడి తీయించిన పటము మసకగా వచ్చినను, కావలసిన ఎముక అంచు పటమునకు అందకపోయినను, కుడియెడమల గుర్తు మరచినను, వైద్యునికి అది నల్ల కాగితముతో సమానము. రోగి మరల బల్లపై పండుకొనవలెను. మరల కిరణములకు గురికావలెను. ఒక్కొక్కప్పుడు మరల ఊరినుండి రావలెను.

ఈ నష్టము కలుగకుండ చూడగలవాడు యంత్రము చెంత నిలుచు మనిషి. ఆతనిని రేడియోగ్రాఫరు అందురు. నేడు ఈ పనిని స్త్రీలును చేయుచున్నారు. ఈ విద్యయెట్టిది, దానిని ఎక్కడ ఎట్లు నేర్చుకొనవలెను, నేర్వదలచినవారు ఏ విషయములలో మోసపోకుండ చూచుకొనవలెను అను సంగతులు ఇంటర్మీడియట్ ముగించిన మన జిల్లా యువజనులకును, వారి తల్లిదండ్రులకును తెలియుట మంచిది. వానలు లేని యేట బెంగుళూరుకు కూలికి పోవు కుటుంబములలో ఒక్క బిడ్డ ఇట్టి వృత్తివిద్య నేర్చినను ఆ యింటికి ఆధారమగును. ఐనను ఇది ఉద్యోగము కొరకు మాత్రమే నేర్వదగిన పని కాదని ఈ క్రింది వివరములవలన తెలియగలదు.

రేడియోగ్రాఫరు వైద్యుడు కాడు. పటమును చదివి రోగమిది యని నిర్ణయించు నిపుణుడు రేడియాలజిస్టు. ఆయన వైద్యవిద్య ముగించి, ఆపైన ఆ శాఖలో ప్రత్యేకముగా చదివిన డాక్టరు. చదువుటకు తగిన పటమును తీసియిచ్చువాడు రేడియోగ్రాఫరు. పల్లెజనులు ఈ భేదము తెలియక, "ఎముక విరిగిందా నాయనా?" అని ఆతనినే అడుగుదురు. మంచి శిక్షణ పొందినవాడు, "డాక్టరుగారు చూసి చెప్తారు అవ్వా" అని మెల్లగా పంపును. తెలిసినను చెప్పకుండుట ఈ వృత్తిలో నేర్వవలసిన మొదటి నిగ్రహము. అయితే ఊపిరితిత్తి ముడుచుకొనిపోయినట్లు కనబడుట మొదలైన ప్రాణాపాయ లక్షణములు పటమున కనిపించినచో, క్షణమాలస్యము చేయక డాక్టరుకు తెలుపుట కూడ ఆతని విధియే.

కిరణముల కథ

జర్మనీ దేశమందలి వుర్జ్‌బర్గు విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా నుండిన రాంట్‌జెన్ 1895 నవంబరు 8వ తేదీన ఈ కిరణములను కనుగొనెను. ఇవి ఎట్టివో అప్పటికి తెలియదు గనుక, గణితమున తెలియని రాశికి పెట్టు పేరునే పెట్టి ఎక్స్ కిరణములనెను. ఆ డిసెంబరు 22న తన భార్య చేతిని పటము తీయగా ఎముకలును, వ్రేలి ఉంగరమును విడివిడిగా కనబడినవి. 1901లో భౌతికశాస్త్రమునకు మొట్టమొదట ఇచ్చిన నోబెల్ బహుమానము ఆయనకే లభించెను. ఈ పరిశోధనపై పేటెంటు హక్కు తీసికొనక దానిని లోకమునకు వదలివేసిన ఉదారుడాయన.

గాలి తీసివేసిన గొట్టములో ఒక కొసన సన్నని తీగ వేడెక్కియుండును. రెండవ కొసన టంగ్‌స్టన్ లోహపు బిళ్ళ యుండును. ఈ రెండింటి నడుమ నలువది వేలనుండి లక్షకు పైబడిన వోల్టుల ఒత్తిడి కల్పింపగా, తీగనుండి వెలువడిన ఎలక్ట్రానులు మహావేగముతో బిళ్ళను తాకును. ఆ తాకిడి శక్తిలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు పైగా వేడిగా మారిపోవును; ఒక పాలు లోపుగానే ఎక్స్ కిరణములగును. బిళ్ళ కరిగిపోకుండుటకై దానిని వేగముగా తిరుగునట్లు అమర్చుదురు. ఇట్లు పుట్టిన కిరణములు కండను సులభముగా దాటును. ఎముకలోని సున్నపు పదార్థము వానిని ఎక్కువగా పీల్చుకొనును. కనుకనే పటముమీద ఎముక తెల్లగను, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగను కనిపించును. మీట నొక్కినంతసేపే కిరణములుండును. మీట వదలిన పిమ్మట గదిలోగాని, బల్లపైగాని, రోగి ఒంటిలోగాని ఏమియు మిగిలియుండదు. ఎక్స్‌రే గదిలో అడుగుపెట్టుటకే జంకువారు ఇది గ్రహింపవలెను.

మెట్టప్రాంతములకు ఈ విద్య చేసిన మేలు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు అనంతపురము జిల్లా మద్రాసు రాజ్యములో నుండెను. ఆ రాజ్యమునకు ఎక్స్‌రే విద్యలో పెద్ద దిక్కు మద్రాసు జనరల్ ఆసుపత్రి. అచట 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ప్రారంభమయ్యెను. ఈ బర్నార్డ్ పేరు మెట్టప్రాంతములవారు గుర్తుంచుకొనదగినది. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో నడుము వంగి, మెడ త్రిప్పలేక, కీళ్లు బిగిసి కట్టెలవలె నుండిన మనుష్యులను పరీక్షించి, వారి బాధకు త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని 1937లో ప్రకటించిన వైద్యులలో షార్ట్, మక్‌రాబర్ట్, నాయర్ అనువారితోపాటు బర్నార్డ్ ఒకరు. మన దేశమున మనుష్యులకు సోకిన ఎముకల ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయముగా వర్ణించిన తొలి రచన అదియే. శాపమనియు, పూర్వజన్మ పాపమనియు జనులనుకొను దానిని నీటి దోషమని చూపుటలో ఎక్స్‌రే పటము సాక్షిగా నిలిచినది.

ఆ సాక్ష్యము అనంతపురమునకును వర్తించును. పడమటి కనుమల చాటున నుండుటచేత నైరుతి ఋతుపవనములును, తూర్పుతీరమునకు దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనములును ఈ పీఠభూమికి చాలినంత వాన నీయవు. సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియును. చెరువులు ఎండగా జనులు బోరుబావుల నాశ్రయించిరి. నల్లరాతి పొరలలో నిలిచిన లోతునీటిలో ఫ్లోరైడు అధికముగా నుండుట ఇచటి అనేక గ్రామముల అనుభవము. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు ఒక మిల్లీగ్రాము మించకుండుట మంచిదనియు, వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాములవరకు అంగీకరింపవచ్చుననియు మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. 1995లో పుట్టపర్తి సత్యసాయి సంస్థవారి త్రాగునీటి పథకము జిల్లాలోని ఏడు వందలకు పైబడిన గ్రామములకు నీరందించినపుడు జనులు దానిని అంతగా కొనియాడుటకు దప్పిక ఒక్కటే కారణము కాదు.

ఈ వ్యాధిలో వెన్నెముకయు, కటి ఎముకలును పటముమీద సుద్దవలె మితిమీరిన తెలుపుతో కనబడును. ముంజేతి రెండెముకల నడుమ నుండు పలుచని పొర గట్టిపడి ఎముకవలె మారును. ఎముకలను కలుపు బంధనములు కూడ సున్నము పట్టును. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి అని ఏండ్ల తరబడి నూనెలు రాచుకొనుచున్న రైతునకు, అది వయసుచేత వచ్చిన కీళ్ల అరుగుదలయో లేక నీటిచేత వచ్చినదో తేల్చుటలో ముంజేయి పటమొకటి గొప్ప సహాయము చేయును. బిగిసిపోయిన ఎముకలను మరల మామూలు చేయు మందు లేదు. కాని నీరు మార్చినచో వ్యాధి ముదరకుండును. ఆ యింటి పసిబిడ్డలు దానినుండి తప్పించుకొందురు.

ఇక్కడనే రేడియోగ్రాఫరు నేర్పు బయటపడును. ఆరోగ్యవంతుడు బల్లపై వెల్లకిల పండుకొనును. పటము తీయుట తేలిక. నడుము గూనియై, మెడ వెనుకకు వాలని మనిషిని ఎట్లు పరుండబెట్టవలెను? బలవంతముగా చాపరాదు. తలక్రింద, మోకాళ్లక్రింద దిండ్లు పెట్టియో, ప్రక్కకు త్రిప్పియో, కూర్చుండబెట్టియో, మనిషి వంగిన తీరునకు గొట్టమును వంచుకొనవలెను. పుస్తకములోని బొమ్మలో చూపిన భంగిమ యిట్టివారికి పనికిరాదు. ఇది ఆసుపత్రిలో పెద్దవారి ప్రక్కన నిలిచి నేర్వవలసిన విద్య.

క్షయవ్యాధి సంగతియు తెలుపవలెను. మదనపల్లి సమీపమున ఆరోగ్యవరములో 1915లో వెలసిన క్షయ చికిత్సాలయము రాయలసీమకంతకు సుపరిచితము. 1955 మొదలు 1958 వరకు దేశములోని ఆరు కేంద్రములనుండి చిన్న ఎక్స్‌రే పటములు తీయు యంత్రములతో జనులను పరీక్షించుచు క్షయవ్యాధి సర్వే జరిగినది. ఆ కేంద్రములలో మదనపల్లి యొకటి, హైదరాబాదు మరియొకటి. క్షయ పట్టణముల జబ్బనియు, పల్లెగాలికి అది రాదనియు అంతవరకు పలువురి నమ్మకము. పల్లెలలోను ఇంచుమించు పట్టణములలో నున్నంతగానే క్షయ యున్నదని ఆ పటములు చూపినవి. దేశపు క్షయనివారణ పథకమును పల్లెలకు విస్తరించుటకు ఆ సర్వే దారిచూపినది.

శిక్షణలో నేర్పునదేమి?

శరీర నిర్మాణము, శరీరధర్మములు, కిరణముల భౌతికశాస్త్రము, యంత్రముల పని తీరు, రోగిని నిలువబెట్టు భంగిమలు, కిరణముల మోతాదు, పటమును సిద్ధపరచు విధానము, రోగి సంరక్షణ, కిరణరక్షణ, అంటురోగముల నివారణ — ఇవి ముఖ్య పాఠ్యాంశములు. వరుసగా చెప్పినచో ఇంతే. కాని ఒక్క ఛాతీ పటమును తీసికొని చూచినచో ఈ పాఠములన్నియు ఎట్లు కలిసి పనిచేయునో తెలియును.

ఛాతీ పటమునకు రోగి ఛాతీని పలకకు ఆనించి నిలువబడును. కిరణములు వీపువైపునుండి, సుమారు ఆరడుగుల దూరమునుండి వచ్చును. ఎందుకు? దీపమునకు దగ్గరగా చేయి పెట్టినచో గోడమీద నీడ పెద్దదగును. గోడకు దగ్గరగా పెట్టినచో నీడ చేయియంతయే యుండును. గుండె ఛాతీలో ముందువైపున నుండును. ఛాతీ పలకకు ఆనినచో గుండె నీడ ఉన్నంత పరిమాణములోనే పడును. వెనుదిరిగి నిలిచినను, గొట్టము దగ్గరగా నున్నను గుండె లేని పెద్దరికము తెచ్చుకొనును. వైద్యుడు లేని జబ్బును శంకించును. గడ్డము పైకెత్తవలెను, భుజములను ముందుకు త్రోయవలెను, లేనిచో రెక్క ఎముకలు ఊపిరితిత్తులపై పడును. ఊపిరి నిండుగా పీల్చి బిగబట్టవలెను. పటముమీద వెనుకవైపు ప్రక్కటెముకలు తొమ్మిదో పదో లెక్కకు వచ్చినచో ఊపిరి సరిగా పీల్చినట్లు. "పీల్చండి, బిగబట్టండి, కదలకండి" అను మూడు మాటలు చెప్పుటయు ఒక విద్యయే. చెవి వినబడని తాతకు ముందుగా తాను పీల్చి చూపవలెను.

ఆడవారి జడ ఛాతీమీద పడినచో ఊపిరితిత్తిలో మచ్చవలె కనబడును. తాయెత్తు, పూసల గొలుసు, రవికె పిన్నీసు అన్నియు నీడలు వేయును. అన్నింటికంటె కష్టమైనది మంగళసూత్రము సంగతి. దానిని తీయుమనినచో చాలమంది వెనుదీయుదురు. కొందరు ఏడ్చుటయు కద్దు. గద్దించువాడు ఈ పనికి తగడు. పటమునకు అడ్డము రాకుండ గొలుసును మెడమీదికి ఎత్తి సర్దవచ్చునేమో చూడవలెను. వీలుకానిచో, వెంట వచ్చిన పెద్దమ్మను పిలిచి పసుపుత్రాడు కట్టించి పిదప తీయించవలెను. మన పల్లెలలో పుట్టి పెరిగిన బాలబాలికలకు ఈ మర్యాద ఎవరును నేర్పనక్కరలేదు. అనంతపురమువారు అనంతపురములో ఈ పని చేయుటవలన కలుగు లాభములలో ఇది చిన్నది కాదు.

ఎముకల పటమున మరి రెండు నియమములు కలవు. ఒకే ఎముకను రెండు దిక్కులనుండి తీయవలెను; విరిగిన ఎముకకు పైకీలును క్రిందికీలును పటములో పడవలెను. ఎదుటనుండి చూచినప్పుడు నిటారుగా కనబడు కట్టె ప్రక్కనుండి చూచినచో వంగియుండవచ్చును. పుత్తూరు కట్టు మన ప్రాంతమున పేరెన్నిక గన్నదే. కట్టు ఎవరు కట్టినను, విరిగిన ముక్క ఏ దిక్కునకు జరిగినదో ముందుగా తెలియుట మేలు కదా! తుంటి విరిగినదని అనుమానమున్న ముదుసలి కాలును పటము కొరకు త్రిప్పరాదు. గొట్టమునే అడ్డముగా త్రిప్పి ప్రక్కనుండి కిరణములు పంపవలెను.

ప్రతి పటముపైనను కుడి లేక ఎడమ అని తెలుపు సీసపు అక్షరముండవలెను. అతి చిన్న పని; మరచినచో జరుగు హాని మిక్కిలి పెద్దది.

కిరణములనుండి రక్షణ

ఎక్స్ కిరణములు కంటికి కనబడవు, ఒంటికి తగులునట్లు తెలియవు. తొలిదినములలో వీనితో పనిచేసినవారు తమ చేతినే యంత్రమునకు అడ్డుపెట్టి పరీక్షించుకొనెడివారు. అమెరికాలో ఎడిసన్ శాస్త్రజ్ఞుని వద్ద సహాయకుడుగా నుండిన క్లారెన్స్ డాలీ అట్లు చేతులు చెడి, వానిని కోల్పోయి, 1904లో మరణించెను. ఎడిసన్ ఆ పనియే మానుకొనెను. ఇట్లు ప్రాణములర్పించినవారి స్మృతికై జర్మనీలోని హాంబర్గు నగరమున 1936లో ఒక శిలాస్తంభము నెలకొల్పిరి. తొలుతనే అందు 169 పేర్లుండెను. నేటి రక్షణ నియమములు ఇట్టివారి అనుభవమునుండి పుట్టినవి.

మన దేశమున ఈ నియమముల అమలు 1983లో స్థాపితమైన అణుశక్తి నియంత్రణ మండలి చేతిలో నున్నది. ఎక్స్‌రే యంత్రమును నడుపుటకు ఆ మండలి అనుమతి ఉండవలెను. 2004 నాటి నిబంధనల ప్రకారము పదునారేండ్లు నిండనివారిని శిక్షణకు సైతము తీసికొనరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారిని పనిలో పెట్టరాదు. కిరణముల నడుమ పనిచేయువారు పొందదగిన మోతాదు వరుసగా ఐదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క యేటను 30 మించరాదు. సాధారణ ప్రజలకు హద్దు ఏటికి ఒక మిల్లీసీవర్టు. భూమినుండియు, ఆకాశమునుండియు ప్రకృతిసిద్ధముగానే మనిషికి ప్రపంచ సగటున ఏటికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు అందుచున్నవి. ఒక ఛాతీ పటమువలన రోగికి చేరునది మిల్లీసీవర్టులో పదవ వంతుకు మించదు. కనుక వైద్యుడు అవసరమని వ్రాసిన పటమునకు భయపడవలసిన పని లేదు. రోగికి ఒక దినము, ఒక పటము. రేడియోగ్రాఫరుకు ప్రతిదినము, పదుల పటములు. జాగ్రత్త ఆతనికే ఎక్కువ కావలెను.

ఆతని రక్షణకు మూడు ఉపాయములు కలవు: కాలము తగ్గించుట, దూరము పెంచుట, అడ్డు పెట్టుట. దూరమునకు గొప్ప శక్తి యున్నది. రెండింతలు దూరము జరిగినచో కిరణముల తీవ్రత నాలుగవ వంతు అగును. మూడింతలు జరిగినచో తొమ్మిదవ వంతు. అందువలన మీట నొక్కువాడు సీసపు తెర వెనుక నిలుచును. కదులుచున్న పసిబిడ్డను ఎవరైన పట్టుకొనవలసివచ్చినచో సీసపు ఆప్రను తొడిగి తండ్రినో, బంధువునో నిలుపవలెను గాని ఆసుపత్రి ఉద్యోగి దినమును ఆ పని చేయరాదు. గర్భవతిని ఎన్నటికిని నిలుపరాదు. పటము తీయించుకొనవచ్చిన స్త్రీని గర్భవతియా అని మర్యాదగా, ఒంటరిగా అడుగుటయు శిక్షణలో భాగమే. అత్తగారి యెదుట, పదిమందిలో అడిగినచో నిజము బయటకు రాదు.

పనిచేయువారి ఛాతీపై చిన్న బ్యాడ్జి యొకటి యుండును. అది వారు పొందిన కిరణముల మోతాదును తనలో దాచుకొనును. సాధారణముగా మూడు నెలలకొకసారి దానిని ప్రయోగశాలకు పంపి లెక్క చూపింతురు. స్త్రీ ఉద్యోగి గర్భవతియైనచో ఆ సంగతి తెలుపవలెను. పిమ్మట గర్భస్థశిశువునకు మోతాదు ఒక మిల్లీసీవర్టు మించకుండ పని సర్దుదురు. ఆ కారణముచేత ఆమెను పనినుండి తొలగింపరాదని నిబంధనలే చెప్పుచున్నవి. ఆడపిల్లలను ఈ విద్యకు పంపుటకు సందేహించు తల్లిదండ్రులు ఇది తెలిసికొనవలెను.

చీకటిగది పోయి కంప్యూటరు వచ్చినది

కొంతకాలము క్రిందటివరకు పటమును చీకటిగదిలో మందునీటిలో కడిగి తేల్చెడివారు. కడపట పారునీటిలో చాలసేపు కడుగవలెను. నీరు చాలనిచో, కఠినజలమైనచో ఫిలిముపై మరకలు మిగులును. త్రాగుటకే నీరు కరవైన ఊళ్లలో ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ఇప్పుడు డిజిటల్ పలకలు వచ్చినవి; పటము క్షణములలో తెరమీద కనబడును, నీటితో పని లేదు, దూరముననున్న నిపుణునికి పంపవచ్చును. కాని దీనివెంట ఒక కొత్త అపాయమును వచ్చినది. వెనుక మోతాదు ఎక్కువైనచో ఫిలిము నల్లబడి తప్పు పట్టియిచ్చెడిది. ఇప్పుడు కంప్యూటరు దానిని సరిదిద్ది చక్కని పటముగానే చూపును. రోగికి ఎక్కువ కిరణములు తగిలిన సంగతి ఎవరికిని తెలియదు. కనుక యంత్రము తెలివిమీరినకొలది మనిషికి మనస్సాక్షి ఎక్కువ కావలెను.

ఈ విద్యార్థులు సి.టి. స్కాను, ఎం.ఆర్.ఐ. యంత్రములను గూర్చియు చదువుదురు. సి.టి.లో కిరణముల మోతాదు మామూలు పటముకంటె పెక్కురెట్లు అధికము. ఎం.ఆర్.ఐ.లో ఎక్స్ కిరణములే లేవు. మహాబలమైన అయస్కాంతము కలదు. ఆ గదిలోనికి ఇనుప ఆక్సిజను సిలిండరు తెచ్చినచో అది ఎగిరిపోయి మనిషిని చంపగలదు. గర్భవతులకు చేయు అల్ట్రాసౌండు పరీక్ష మాత్రము చట్టప్రకారము అర్హతగల వైద్యులే చేయవలెను. 1994 నాటి చట్టముచేత గర్భస్థశిశువు ఆడయో మగయో వెల్లడించుట నేరము.

ఎక్కడ, ఎట్లు చదువవలెను?

2000 సంవత్సరమునకు పూర్వము అనంతపురము జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల లేకుండెను. పెద్ద జబ్బులకు కర్నూలుకో, బెంగుళూరుకో, వేలూరుకో పోవలసివచ్చెడిది. 1991లో పుట్టపర్తి వద్ద ప్రశాంతిగ్రామమున ఉన్నత వైద్యశాల వెలసినది. ఆ ఊరు 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. 2000లో అనంతపురమున ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయ్యెను. బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థ ఆసుపత్రి వచ్చెను. ఇన్ని ఆసుపత్రులకు తగినంతమంది శిక్షితులు కావలెను.

చదువులు రెండు విధములు. ఇంటర్మీడియట్ పిమ్మట రెండేండ్ల మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిప్లొమా ఒకటి. దీనిని రాష్ట్ర పారామెడికల్ బోర్డు పర్యవేక్షించును. జీవశాస్త్ర, భౌతికశాస్త్రములు చదివినవారికి ప్రాధాన్యము. రెండవది విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలలోని బి.ఎస్‌సి. పట్టము; ఆసుపత్రిలో చేయు ఇంటర్న్‌షిప్పుతో కలిపి నాలుగేండ్లు. 2021లో కేంద్రప్రభుత్వము ఈ వృత్తులన్నిటికి ఒక చట్టము చేసినది. దాని ప్రకారము డిప్లొమా వంటి చదువునకు కనీసము రెండువేల గంటలును, ఆపై తరగతి వృత్తినిపుణుని పట్టమునకు కనీసము మూడువేల ఆరువందల గంటలును శిక్షణ ఉండవలెను. ఆరు నెలలలో రేడియోగ్రాఫరును చేసి ఉద్యోగమిప్పింతుమని పట్టణములలో గోడలపై కనబడు ప్రకటనలను ఈ లెక్కతో సరిచూచుకొనవలెను. బోర్డు గుర్తింపులేని పత్రము పట్టుకొనివచ్చినవాడు ప్రభుత్వోద్యోగమునకు దరఖాస్తు పెట్టునాడు తన సొమ్మేమైనదో తెలిసికొనును. అంతకుమించిన సంగతి: అట్టివాడు తప్పుగా తీసిన పటముతో ఏ కూలిమనిషి చేయియో వంకరగా అతుకుకొనును.

గుర్తింపు ఉన్నదని తెలిసిన పిదపను ఊరకుండరాదు. కళాశాల భవనము చూచి మురియక, దానికి సంబంధించిన ఆసుపత్రికి ఒక పూట పోయి కూర్చుండుడు. ఎక్స్‌రే గది యెదుట రోగులు బారులుదీరి యున్నారా? విద్యార్థులు లోపల పని నేర్చుకొనుచున్నారా? వారి ఛాతీపై ఆ చిన్న బ్యాడ్జి యున్నదా? రోగులులేని ఆసుపత్రిలో రెండేండ్లు చదివినవాడు గూని మనిషిని ఎట్లు పరుండబెట్టునో ఊహించుకొనవచ్చును.

పాఠ్యపుస్తకములు ఇంగ్లీషులో నుండును. తెలుగు మాధ్యమములో చదివిన పల్లె విద్యార్థులు మొదటి ఆరు నెలలు తికమకపడుదురు. కొందరు విడిచిపోవుటయు కద్దు. ఎముకల పేర్లు రెండు వందలకు పైబడియున్నను, దినమునకు ఐదారు చొప్పున వ్రాసికొని నేర్చినవారికి ఆరు వారములలో పట్టుబడును. ఎముకను చేతబట్టి నేర్చినది మరపునకు రాదు.

చేతబట్టి తీసికొనిపోదగిన ఎక్స్‌రే యంత్రములు కూడ ఇప్పుడు వచ్చినవి. 2024 డిసెంబరు 7న దేశమున ప్రారంభమైన నూరు దినముల క్షయనిర్మూలన కార్యక్రమములో ఇట్టివానిని పల్లెలకు తీసికొనిపోయిరి. పెద్దల ఛాతీ పటములలో క్షయ అనుమానమును కంప్యూటరు చేత ప్రాథమికముగా పట్టించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంగీకరించినది. ఐనను తాతను గోడవైపు నిలువబెట్టి, ఊపిరి బిగబట్టించువాడు మనిషియే. రచ్చబండ ప్రక్కన యంత్రము నిలిపినపుడు చుట్టుమూగిన పిల్లలను దూరముగా పంపవలసినవాడును ఆతడే.

డిప్లొమా ప్రవేశముల ప్రకటన ప్రతి యేటను పారామెడికల్ బోర్డు తరపున వెలువడును. వివరములు వైద్య కళాశాల కార్యాలయమునందును, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయమునందును విచారింపవచ్చును. పదవ తరగతి, ఇంటర్మీడియట్ మార్కుల పట్టికలు, స్థానికతను తెలుపు చదువు ధ్రువపత్రములు, కుల, ఆదాయ ధ్రువపత్రములు ముందుగానే సిద్ధపరచుకొనవలెను. ఆదాయ ధ్రువపత్రము కొరకు గడువు దినమున గ్రామ సచివాలయమునకు పరుగెత్తినచో ఫలితముండదు.